గూడెంలో ఓవర్‌కోటు!

తాడేపల్లిగూడెం స్టేషన్లో దిగి, "బాబూ, ఇక్కడ ఓవర్‌కోటు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగి చూడండి. ఉల్లిపాయల మార్కెట్టుకి దారి చెబుతారు. బెల్లం కావాలంటే కొట్టు దాకా వచ్చి మరీ చూపిస్తారు. ఓవర్‌కోటు అనేసరికి మాత్రం మిమ్మల్ని కింద నుంచి పై దాకా ఒకసారి చూసి, "ఏ నాటకానికండీ?" అంటారు.

నన్ను అడిగిన ఆటో అబ్బాయి అంతటితో ఆగలేదు. "డ్రెస్ కంపెనీలో అద్దెకిత్తారండి, టోపీ కూడా ఇత్తారు" అని సలహా కూడా ఇచ్చాడు. అతని తప్పేం లేదు లెండి. గూడెంలో కోటు అంటే పెళ్లికొడుకు వేసుకునేది, లేదా స్టేజీ మీద జమీందారు వేసుకునేది. చలికి వేసుకునేది కాదు.

ఇంతకీ నాకెందుకీ గొడవ అంటారా? మా మేనకోడలు షికాగోలో ఎమ్మెస్ చదవడానికి వెళుతోంది. ఆ పిల్ల చదివింది గూడెంలోనే, 2015లో వచ్చిన నిట్‌లో. వెళ్లేది మాత్రం జనవరిలో! అక్కడ జనవరి రాత్రుళ్లు మామూలుగానే సున్నాకి ఏడెనిమిది డిగ్రీలు కిందకి పోతాయి. 2019 జనవరి 30న ఏకంగా మైనస్ 30కి దిగింది. ఈ సంగతి ఎవరో మా చెల్లెలి చెవిన వేశారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అన్నం కుక్కర్ విజిల్ తప్ప వేరే చప్పుడు లేదు. "అన్నయ్యా, నువ్వు ఢిల్లీ చలి చూసినవాడివి. వచ్చి దీనికో కోటు కొనిపెట్టు" అని ఫోను. బయల్దేరక తప్పలేదు.

మనకి చలి తెలీదని కాదు. పుష్యమాసంలో తెల్లవారుజామున ఏలూరు కాలవ మీద పొగమంచు లేస్తుంది చూడండి, దాని అందమే అందం. వంతెన మీద నిలబడితే అవతలి గట్టు కనపడదు. సైకిలు బెల్లు వినపడుతుంది గానీ సైకిలు కనపడదు. వేడి 18, 19 డిగ్రీలకి తగ్గిందా, ఇక చూస్కోండి! పాలబ్బాయికి మంకీ క్యాపు, పేపరబ్బాయికి మఫ్లరు, వాకింగుకి వెళ్లే రిటైర్డు మాస్టారికి రెండూనూ. ఆ పక్కనే ఉత్తరాది నుంచి వచ్చి నిట్‌లో చదివే కుర్రాళ్లు పొట్టి చేతుల బనీన్లతో నవ్వుకుంటూ టీ తాగుతుంటారు. వాళ్లని చూసి మన మాస్టారు, "పాపం, తల్లిదండ్రులు దూరం కదా, చెప్పేవాళ్లు లేరు" అని జాలిపడతారు.

మరి కోటు గురించి మనకి ఎవరు నేర్పారు? ఇంకెవరు, సినిమాలే!

పద్మశ్రీ రేలంగి వెంకట్రామయ్య గారు గూడెంలోనే స్థిరపడి, రేలంగి చిత్రమందిర్ కట్టించి, 1975లో ఇక్కడే కన్నుమూశారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అలాంటి ఊళ్లో పుట్టినవాళ్లకి సినిమా చూడటం రాకుండా ఎలా ఉంటుంది? 1971లో 'ప్రేమ్‌నగర్' వచ్చినప్పుడు నేను స్కూలు కుర్రాణ్ణి. అక్కినేని నాగేశ్వరరావు గారి సూట్లు చూసి నాకు మతిపోయింది. అదే ఏడాది 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణ గారి కౌబాయ్ వేషం. దాంతో ఉన్న కాస్త మతీ పోయింది. ఆ రోజుల్లో మన హీరోలు కోట్లేసుకుని డ్యూయెట్లు పాడిన సెట్లు ఎక్కడివి? మద్రాసువి. ఏడాది పొడుగునా ఉక్కపోసే ఊళ్లో, ఆర్కు లైట్ల కింద, ఉన్ని సూట్లు! కట్ అనగానే కోటు విప్పి విసనకర్ర అందుకునేవారంటే నేను నమ్ముతాను. అంటే మన తరానికి కోటు పాఠాలు చెప్పింది చెమటలు కక్కుతున్న గురువులన్నమాట.

నన్నడిగితే తెలుగు సినిమాలో అసలైన చలికోటు ఒక్కటే. 1953 నాటి 'దేవదాసు' శాలువా. ఆ శాలువాలో చలి ఉంది, జ్వరం ఉంది. దాని ముందు ఎన్ని సూట్లూ ఆగవు.

సరే, నా ఢిల్లీ వైభవం సంగతికి వస్తాను. 1983 జనవరిలో ఢిల్లీలో అంతర్జాతీయ చలన చిత్రోత్సవం జరిగింది. దేశదేశాల సినిమాలు! వెళ్లి తీరాలని పట్టుబట్టాను. మా నాన్న మొదట కసిరాడు, తర్వాత మెత్తబడ్డాడు. ఆఖరికి తనే, "అంత పెద్దూరు వెళుతూ చొక్కాతో ఏం పోతావురా, సూటు కుట్టించుకో" అన్నాడు. ఆరు బస్తాల ధాన్యం అమ్మితే వచ్చిన డబ్బు నా చేతిలో పెట్టాడు. తను మాత్రం పొలం గట్టు మీద పుష్యమాసం మంచులో భుజాన ఒక్క తువ్వాలుతో తిరిగే మనిషి.

గూడెంలో పేరున్న టైలరు దగ్గరికి వెళ్లాను. ఆయన నిజాయితీగానే చెప్పాడు: "ఢిల్లీ అంటున్నారు, టెరీవుల్ తీసుకోండి బాబూ, కాస్త ఖరీదవుద్ది." నేను వింటానా? నాకు కావలసింది మెరుపు! వంకాయ రంగు టెరీకాటు ఎంచుకున్నాను. 'ప్రేమ్‌నగర్' నాటి కాలరు, చెవులంత వెడల్పు. అప్పటికి ఆ ఫ్యాషన్ పోయి పదేళ్లయిందన్న సంగతి గూడెంలో నాకెవరూ చెప్పలేదు. సూటు వేసుకుని కాలవ వంతెన మీద నడిస్తే సైకిళ్లు ఆగిపోయాయి. అది మెచ్చుకోలో మరొకటో ఇప్పటికీ తెలీదు.

బెజవాడలో గ్రాండ్ ట్రంక్ ఎక్కాను. నాగపూర్ దాకా రాజాలా కూర్చున్నాను. భోపాల్ దాటాక కిటికీ సందుల్లోంచి గాలి మొదలైంది. ఝాన్సీలో టీ గ్లాసు పట్టుకుంటే పళ్లు గ్లాసుకి కొట్టుకుని టకటకమన్నాయి. ఇక ఢిల్లీ! పొద్దున్నే టిక్కెట్ల కోసం క్యూ. నా ముందూ వెనకా ఉన్నవాళ్లంతా దొప్పల్లాంటి స్వెట్టర్లలో, కోట్లలో. నా వంకాయ రంగు సూటులోంచి గాలి, దోమతెరలోంచి వచ్చినట్టు వచ్చేస్తోంది. పై గుడ్డ చల్లన, లోపలి లైనింగు ఇంకా చల్లన. లోపల కాటన్ బనీను. పరిగెత్తి బస్సు పట్టుకుంటే అది చెమటకి తడిసేది, నిలబడగానే వీపు మీద ఐసు ముక్క పెట్టినట్టుండేది. మూడో రోజుకి జ్వరం. బసలో రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటే నాన్న నుంచి ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. పొలం సంగతులన్నీ అయ్యాక ఆఖర్న ఒకే వాక్యం, 'కోటు వెచ్చగా ఉన్నదా?' అని.

కార్డు తీసుకుని రాశాను: 'చాలా వెచ్చగా ఉంది నాన్నా.'

ఆ ఆదివారం తోటి తెలుగాయన ఒకరు నన్ను ఎర్రకోట వెనక సంతకి లాక్కెళ్లారు. పాత బట్టల గుట్టలు. అందులో ఒక బూడిద రంగు ఉన్ని ఓవర్‌కోటు. ఏ దేశపు మనిషి తొడిగి వదిలేశాడో! మోకాళ్లు దాటి వస్తోంది, భుజాలు నాకంటే రెండంగుళాలు పెద్దవి, అద్దంలో చూసుకుంటే గూర్ఖా కంటే అన్యాయంగా ఉన్నాను. తొంభై రూపాయలు. మిగిలిన రోజులు మధ్యాహ్నం భోజనం అరటిపళ్లతో సరిపెట్టాల్సి వచ్చింది. కానీ అది తొడుక్కుని గుండీలు పెట్టుకున్న ఐదో నిమిషంలో నాకు కళ్లు చెమర్చాయంటే నమ్మండి. వెచ్చదనం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది.

ఆ కార్డు మా నాన్న కాఫీ హోటల్లో పదిమందికీ చూపించాడట. ఆయన పోయాక, ధాన్యం లెక్కల పుస్తకంలో మడత పెట్టి దొరికింది. అదలా ఉంచండి.

ఆ ఓవర్‌కోటు ఇన్నేళ్లూ మా ఇంట్లో ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య నిద్రపోతోంది. ఈసారి గూడెం వస్తూ దాన్ని సంచీలో వేసుకుని తెచ్చాను. చూడగానే మా మేనకోడలు ముక్కు మూసుకుంది. "మావయ్యా, ఇది కోటా, గుడారమా?" అంది.

తను అప్పటికే ఫోన్లో ఆర్డరిచ్చి ఒక ఎర్ర కోటు తెప్పించింది. చూడముచ్చటగా ఉంది, కాదనను. నడుం దగ్గర బెల్టు, మోచేతి కింద గంటలాగా విచ్చుకున్న చేతులు. తొడుక్కుని గిర్రున తిరిగితే అచ్చం పాట సీనే. "ఇది వేసుకుని స్నోలో ఫొటో దిగుతా" అంది. నేను గుడ్డ పట్టుకుని వేలి మధ్య నలిపి చూశాను. నా వంకాయ రంగు టెరీకాటుకి మనవరాలు!

"దీని చేతుల్లోంచి షికాగో గాలి సరాసరి చంకల దాకా వస్తుందమ్మా" అన్నాను. తను ఒప్పుకోలేదు. అప్పుడు నా దగ్గర ఉన్న సినిమా బాణాలన్నీ తీశాను. 1989లో యశ్ చోప్రా తీసిన 'చాందినీ' చూశావా? స్విట్జర్లాండ్ కొండల్లో మన శ్రీదేవి షిఫాన్ చీరలో ఉంటుంది, పక్కన రిషి కపూర్ మాత్రం హాయిగా మందపాటి స్వెట్టర్లలో ఉంటాడు. పాట అయ్యాక ఎవరికి జలుబు చేసి ఉంటుందో నువ్వే చెప్పు. పోనీ 1965 నాటి 'డాక్టర్ జివాగో'? రష్యా మంచు చూసి ప్రపంచమంతా వణికింది. అందులో చాలా భాగం తీసింది స్పెయిన్‌లో. మంచు పేరుకుపోయిన ఆ ఇల్లు మైనంతో చేసిన మాయ. సినిమాలో చలి కెమెరా కోసం ఉంటుంది, కోటూ కెమెరా కోసమే ఉంటుంది. "నువ్వు బస్టాపులో నిలబడాలి తల్లీ, కట్ చెప్పేవాడు ఉండడు!"

ఇక లాభం లేదని, మర్నాడు ఏలూరు తీసుకెళ్లాను. ఉన్ని గురించి ఈ చుట్టుపక్కల తెలిసిన ఊరు ఏదైనా ఉందంటే అది ఏలూరే. ఎప్పుడో పర్షియా నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ తివాచీల నేత మొదలెట్టాయి. ఉన్ని తివాచీలు, ఒక్కొక్క ముడీ చేత్తో వేసినవి, సముద్రాలు దాటి వెళ్లాయి. ఇప్పుడు ఆ మగ్గాలు బాగా తగ్గిపోయాయి. ఒక పెద్దాయన తివాచీ మీద అరచెయ్యి పెట్టించి, "చూడమ్మా, ఉన్ని వేడి పుట్టించదు. నీ వేడిని పోనివ్వదు, అంతే" అన్నారు. ఆ ఒక్క మాట నా గంట ఉపన్యాసం కంటే బాగా పనిచేసింది. ఉన్ని పోగులో వంపులుంటాయి. ఆ వంపుల సందుల్లో గాలి చిక్కుకుని కదలకుండా ఉంటుంది. ఆ కదలని గాలే మనకి గోడ. పైగా ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా తడిసినట్టనిపించదు. మన గొర్రెల కాపరి గొంగళి కప్పుకుని వానలో కూడా నిమ్మళంగా నిలబడేది అందుకే.

అక్కణ్ణించి ఇంటికొచ్చేశాం గానీ అసలు పరీక్ష మూడో రోజున జరిగింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, భీమవరం, ఉండి, ఆకివీడు మీదుగా ఉప్పుటేరు దాటి కైకలూరు చేరాం. ఆ పక్కనే ఆటపాక, కొల్లేటి పక్షుల కేంద్రం. కారు దిగేసరికి ఇంకా మసక చీకటి. మా మేనకోడలు ఎర్ర కోటులో. నా సంచీలో బూడిద రంగు కోటు.

పాఠకులారా, ఆటపాకకి మీరు వెళ్లకపోతే ఈ చలికాలమే వెళ్లండి. ఊటీకి పోయి 'గీతాంజలి' మంచు వెతుక్కునేవాళ్లు ఒక్కసారి ఈ మంచు కూడా చూడండి. నీళ్ల మీద పొగ పాకుతుంటుంది. చెట్ల మీద, వాటి కోసం నిలబెట్టిన ఇనప స్టాండ్ల మీద వందలకొద్దీ గూడబాతులు, పక్కనే ఎర్రకాళ్ల కొంగలు. పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తలకాయంతా దూర్చి చేపలు తింటుంటే చూడటానికి మొదట భయం వేస్తుంది, తర్వాత నవ్వొస్తుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు ఇక్కడ ఆగి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 1999లో దీన్ని అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. ఇన్ని గొడవల మధ్య కూడా పక్షులు వస్తూనే ఉన్నాయి. చలి దేశాల నుంచి బాతులు వేల మైళ్లు ఎగిరి మన చలికి వెచ్చగా ఉందని వస్తాయి. మా పిల్లేమో వాటికి ఎదురు వెళుతోంది!

పడవ ఒడ్డు వదిలి పది బారలు పోయిందో లేదో గాలి తగిలింది. మా పిల్ల ఎర్ర కోటు గంట చేతులు రెపరెపలాడాయి. మొదట నవ్వింది. తర్వాత చేతులు కట్టుకుంది. ఆ తర్వాత చేతులు చంకల్లో దూర్చుకుంది. నేనేం మాట్లాడలేదు. పడవ నడిపే ఆయన మాత్రం నిక్కరు, పాత చొక్కా, తల చుట్టూ చెవులు మూసేలా తువ్వాలు, అంతే. ఈ వాలకం చూసి ఆయనే అన్నాడు: "చలంతా చెవుల్లోంచి దిగుద్దండి అమ్మాయిగారూ. చెవులు మూసుకుంటే సగం పోద్ది. ఆ పిట్టల్ని చూడండి, ఎలా ఉబ్బినయ్యో!"

నిజమే. కొమ్మ మీద గూడబాతు ఈకలు విదిలించి బంతిలా ఉబ్బి కూచుంది. ఈక కింద సన్నటి నూగు, నూగు నిండా గాలి. షికాగోలో అందరూ వేసుకునే బాతు నూగు జాకెట్టు రహస్యం అంతా అదే. దిండులా ఉబ్బినంతసేపే దాని వెచ్చదనం. తడిసి చప్పబడిందా, గోనెసంచితో సమానం. పిట్టకి నూనె రాసుకున్న పై ఈక ఉంది, మనకి నీళ్లు దిగని పై గుడ్డ ఉండాలి.

సంచీలోంచి బూడిద రంగు కోటు తీసి అందించాను. ఈసారి ముక్కు మూసుకోలేదు. ఎర్ర కోటు మీదే తొడిగేసుకుంది. కాసేపటికి లోపల్నుంచి, "మావయ్యా, ఇది బావుంది" అని చిన్న గొంతు వినిపించింది. మా చెల్లెలు పడవలో కూచునే కళ్లు తుడుచుకుంది.

అయితే ఇదే పంపిద్దామా? అక్కడే వచ్చింది చిక్కు. తూకం వేస్తే మూడు కిలోల పైన ఉంది. విమానంలో పెట్టె ఒక్కింటికి 23 కిలోలు, రెండు పెట్టెలు. అందులో ఆవకాయ ఉంది, కందిపొడి ఉంది, కుక్కర్ ఉంది, పుస్తకాలున్నాయి. మా చెల్లెలు కోటు వైపు చూస్తుంది, ఆవకాయ జాడీ వైపు చూస్తుంది. నిర్ణయం తేలదు. ఇక్కడే పదిహేను వేలు పోసి జాకెట్టు కొనేద్దామంది. బెజవాడలోనో హైదరాబాద్‌లోనో దొరికేవి మనాలీ టూరుకి సరిపోతాయి గానీ, మైనస్ ఇరవైలో లేక్ మిషిగన్ మీంచి వచ్చే గాలికి సరిపోతాయని నేను హామీ ఇవ్వలేను. అక్కడి చలికి కోటు అక్కడే కొనాలి. జనవరిలో అక్కడి కొట్లలో చలికాలం సరుకు ధర తగ్గించి అమ్ముతారు కూడా. మరి విమానం దిగిన రోజు నుంచి కొనే రోజు దాకా? అదుగో, ఆ వారానికి కావాలి కోటు.

బూడిద రంగు కోటు పట్టుకుని టైలరు దగ్గరికి వెళ్లాం. నా సూటు కుట్టినాయన కొడుకు. అతనికీ జుట్టు నెరిసింది. కోటు లోపలి కుట్లు వేలితో తడిమి, "ఇంత గుడ్డ ఎప్పుడూ చూడలేదండి" అన్నాడు. కాలరు దగ్గర రెండు చోట్ల పురుగు కొట్టింది, మిగతాది ఇనుములా ఉంది. మోకాలి పైకి కత్తిరించమన్నాను. భుజాలు తగ్గించమన్నాను. లోపల స్వెట్టరు పట్టేంత వదులు ఉంచమన్నాను. కత్తెర పట్టుకుని ఒక నిమిషం ఆగాడు. "కోసెయ్యమంటారా? మళ్లీ అతకదండి." కోసెయ్యమన్నాను. ఆ కరకర శబ్దం నా వీపు మీద వినపడింది. తెగిన ముక్కతో చెవుల దాకా వచ్చే టోపీ కుట్టి, డబ్బులు వద్దన్నాడు. టోపీ కొల్లేటి పడవాయన గారి ఐడియా అని చెబితే పగలబడి నవ్వాడు.

బయల్దేరే ముందు రోజు మా పిల్లకి చీటీ రాసి ఇచ్చాను. చీటీ అంటే చీటీ కాదు, చీవాట్లు. ఒంటికి తగిలేది కాటన్ వద్దు, చెమట పీల్చి విడిచిపెట్టే రకం వేసుకో, దాని మీద ఉన్ని, ఆ పైన గాలి దూరనిది. కొత్త కోటు కొనేటప్పుడు చెయ్యి పైకెత్తి చూడు, నడుం బయటపడితే తీసుకోకు. తొడల దాకా రావాలి. మణికట్టు దగ్గర బిగుతుగా పట్టాలి. జిప్పు మీద మూత ఉండాలి. తలకి టోపీ కోటుతో పాటే కుట్టి ఉండాలి. రంగు నీ ఇష్టం, ఎరుపే కొనుక్కో. మంచులో ఎరుపు దూరానికి కనపడుతుంది, డ్రైవరు ఆపుతాడు. ఈ ఆఖరి మాటకి మాత్రం నన్ను వాటేసుకుంది.

ఆ ఎర్ర కోటు సంగతి అడుగుతారేమో, అది గూడెంలోనే ఉంది. మా చెల్లెలు తెల్లారి ముగ్గు వేసేటప్పుడు తొడుక్కుంటోంది. ఆవిడకి సరిగ్గా సరిపోయింది.

పిల్ల వెళ్లిన పన్నెండో రోజున వీడియో కాల్ వచ్చింది. వెనకాల తెల్లటి వీధి, చెట్లకి ఆకు లేదు, నోట్లోంచి పొగ. కొత్త కోటు కొన్నదట, సగం ధరకే దొరికిందట.

"వెచ్చగా ఉందా అమ్మా?" అంది మా చెల్లెలు.

"చాలా వెచ్చగా ఉందమ్మా" అంది అది.

నా గుండె గుభేల్‌మంది. చెల్లెలి చేతిలోంచి ఫోను లాక్కున్నాను.

"ఏదీ, చూపించు. జిప్పు పైదాకా లాగు. చెయ్యి పైకెత్తు."

"మావయ్యా, బస్సు వచ్చేస్తోంది!"

"వస్తే ఆగుతుందిలే. ముందు టోపీ ఏదీ?"